సూర్యుడికి దగ్గరైతే చల్లగా ఎందుకుంది?

[తెర మీద: తెల్లవారుజామున అలిపిరి. మెట్ల మీది పసుపు, కుంకుమ బాగా దగ్గరగా.]

నమస్కారం. ఇక్కడి నుంచి పైకి 3,550 మెట్లు. నా జేబులో ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ ఉంది, పక్కన మా అక్క కొడుకు ఉన్నాడు. పోయినసారి గాలిగోపురం దగ్గర కూర్చుని, ఉప్పుకారం చల్లిన మామిడికాయ ముక్కలు తింటూ వీడు ఒకటి అడిగాడు: "మామా, పైకొచ్చేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం గదా, మరి చల్లగా ఉండాదే?"

అప్పుడేదో చెప్పి తప్పించుకున్నాను. కానీ భూమి ఎందుకు వేడెక్కుతోందో తెలియాలంటే మొదలుపెట్టాల్సింది ఆ ప్రశ్న దగ్గరే.

సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనం ఎక్కేది దాదాపు 700 మీటర్ల ఎత్తు. మనం దగ్గరికొచ్చిన సంగతి ఆయనకు తెలియను కూడా తెలియదు.

[తెర మీద: సైకిల్ ట్యూబు వాల్వు, దాని మీద గోరు.]

వాల్వు పిన్ను నొక్కితే బుస్సుమని గాలి వస్తుంది. వేలు అడ్డం పెట్టండి, చల్లగా తగులుతుంది. ఇరుకులోంచి బయటపడి విస్తరించడానికి గాలి తన వేడినే ఖర్చు పెట్టుకుంటుంది. నేల దగ్గర కాగిన గాలి పైకి లేచినా ఇంతే. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి అది వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు. మే నెలలో కింద 41 ఉన్నప్పుడు కొండ మీద 36, 37 ఉండేది అందుకే.

ఈ ఆరున్నరను గుర్తుపెట్టుకోండి.

[తెర మీద: అంతరిక్షం నుంచి భూమి.]

సూర్యుడి నుంచి తీసుకున్న వేడినంతా భూమి మళ్లీ అంతరిక్షంలోకి వదిలేయాలి. కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో వదులుతుంది. ఈ జమాఖర్చు సరిపోవాలంటే భూమి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. కానీ నేల మీద సగటు సుమారు 15. మరి ఈ 33 డిగ్రీలు ఎక్కడివి?

ఆ మైనస్ 18 నిజంగానే ఉంది. కాకపోతే నేల మీద కాదు, 5 కిలోమీటర్ల ఎత్తున. నేల నుంచి బయల్దేరిన కిరణాలను నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటాయి, మళ్లీ వదులుతాయి. అలా చేతులు మారుతూ పైకి పోయి, గాలి పలచబడ్డ చోట, సగటున ఆ 5 కిలోమీటర్ల దగ్గర, వేడి బయటపడుతుంది. అక్కడి నుంచి కిందికి దిగండి. ఐదు ఆరున్నరలు ముప్పై రెండున్నర. చూశారా, దాదాపు 33!

దీన్ని అందరూ దుప్పటితో పోలుస్తారు. తప్పేం లేదు గానీ నాకంతగా నచ్చదు, అసలు కీలకం ఎత్తులో ఉంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వేడి బయటపడే చోటు ఇంకాస్త పైకి జరుగుతుంది. అక్కడ ఇంకా చలి. చల్లటి గాలి తక్కువ వేడిని వదులుతుంది. వచ్చేది తగ్గలేదు, పోయేది తగ్గింది. ఆ కొత్త ఎత్తు కూడా మైనస్ 18కి చేరేదాకా మిగులంతా కింద పోగవుతుంది.

కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఆ చోటు దాదాపు 150 మీటర్లు పైకి లేస్తుంది. ఈ దారి లెక్కలో ఓ 750 మెట్లు. దానికి నేల మీద ఒక డిగ్రీ. అక్కడితో ఆగితే బాగుండేది. డిగ్రీ వేడెక్కిన గాలి 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, ఆవిరి కూడా వేడిని పట్టేదే. ఇలాంటివన్నీ కలిసి ఆ ఒక్క డిగ్రీని దాదాపు మూడు చేస్తాయి.

"పదివేల అణువుల్లో నాలుగే కదా, అదేం చేస్తుంది?" అని కొందరు అడుగుతారు. లడ్డూలో పచ్చకర్పూరం ఎంత వేస్తారండీ? నైట్రోజన్, ఆక్సిజన్ కలిపి 99 శాతం ఉన్నా ఈ కిరణాలను పట్టించుకోవు. ఫ్యాక్టరీలు రాకముందు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 280. చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టేసరికి 315. ఇప్పుడు 420 దాటింది.

[తెర మీద: రాత్రి ఆకాశంలోకి నిటారుగా ఆకుపచ్చ లేజర్ గీత.]

సూర్యుడే వేడెక్కాడేమో? అయితే పై పొరలు కూడా వేడెక్కాలి. జరుగుతున్నది అది కాదు. కింది పొర వేడెక్కుతుంటే దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. తిరుపతి దగ్గరి గాదంకి అనగానే మనకు టోల్‌గేటే గుర్తొస్తుంది గానీ, అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. రాత్రిళ్లు లేజర్ పంపి 30 నుంచి 80 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత కొలుస్తారు.

వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా అంటే, నిజమే. తిరుమల శిలాతోరణం రాయి ఒకప్పటి సముద్రపు ఇసుక. గత మంచుయుగం ముగిసేటప్పుడు భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కింది, దానికి సుమారు పదివేల ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఒక డిగ్రీకి పైగా పెరగడానికి 150 ఏళ్లు చాలాయి.

[తెర మీద: చివరి మెట్టు. థర్మామీటర్ దగ్గరగా.]

కింద 29, ఇక్కడ 25. మావాడు లెక్కేసుకుంటున్నాడు.

"ఇంకో నాలుగు కిలోమీటర్లు ఎక్కితే మైనస్ 18 వస్తాదా మామా?"

"రాదురా. ఆ ఐదు భూమి మొత్తానికి సగటు. మన తిరుపతి నేలే వేడి, ఇక్కడ ఏడు కిలోమీటర్లు దాటాలి."

"మెట్లయితే?"

"ముప్పై అయిదు వేలు."

వాడు మాట్లాడకుండా మజ్జిగ గ్లాసు ఎత్తాడు.