రెండో ఎత్తుకే రాణి మీదికి వస్తే

నమస్కారం, విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను. మా ఎంవీపీ కాలనీలో నా దగ్గర చెస్ నేర్చుకునే పిల్లలు ఈ వారమంతా ఒకటే ప్రశ్న. "అవతలివాళ్లు రెండో ఎత్తుకే రాణిని పంపితే ఏమి చేయాలి సార్?" మా తాతగారు దీన్నే మంత్రి అనేవారు. నేను రాణి అంటాను.

బోర్డు చూడండి. మనవి నల్ల పావులు. తెల్ల బంటు ఈ4, అంటే నిలువు వరస ఈ, అడ్డు వరస 4. మన బంటు ఈ5. రాణి హెచ్5. ఇదిగో, వచ్చేసింది.

ఇక్కడ ఆగండి. ఇక్కడే ఆగండి. చిన్నప్పుడు ఒక పోటీలో నేను ఇదే చోట వెంటనే జీ6 ఆడాను. రాణిని తరిమేద్దామని. ఏమైందో చూడండి... రాణి ఈ5 బంటును తీసుకుంది, రాజుకు చెక్, ఇంకో వైపు ఐమూల గీతలో మూలన మన ఏనుగు. ఏనుగు పోయింది. ఆ రోజు ఇంటికి వెళ్లే దారంతా ఆ ఒక్క ఎత్తే నా కళ్ల ముందు ఉంది. జీ6 మంచి ఎత్తే, కానీ ఇప్పుడు కాదు. రాణి దేన్ని చూస్తోంది? ఈ5ను. ముందు దాన్ని కాపాడాలి. గుర్రం సీ6. మళ్లీ చెబుతున్నాను, ముందు గుర్రం, తర్వాతే బంటు.

తెల్ల బిషప్, అంటే ఐమూలగా నడిచే పావు, సీ4. ఎఫ్7 మీద గురి, మేట్ బెదిరింపు, అంటే ఆట కట్టేస్తామని. ఇప్పుడు జీ6. ఇప్పుడు ఆడవచ్చు, ఈ5కు కాపలా ఉంది కదా. రాణి ఎఫ్3, మళ్లీ అదే బెదిరింపు. గుర్రం ఎఫ్6, దారి మూసేశాం.

బోర్డు మీద ఈ బాణాలు ఎలా వేస్తున్నానంటే, లైచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో మౌస్ కుడి బటన్ నొక్కి లాగడమే. ఎఫ్ నొక్కితే బోర్డు తిరుగుతుంది. ఎత్తుల జాబితా చదవడం కంటే బాణాలు గీసి చూసుకోవడమే నాకు ఇష్టం.

తెల్లవాళ్లు గుర్రం ఈ2 ఆడితే, బిషప్ జీ7, డీ6, క్యాస్లింగ్ (రాజును ఏనుగు వైపు జరిపి భద్రపరచడం), అంతే. 2005లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా ఈ రాణి ఎత్తును మన భారత గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్ మీద ఆడాడు. గెలిచింది శశికిరణ్.

కానీ చాలామంది ఆశ వదలరు. గుర్రం ఈ2 బదులు రాణి బీ3. మూడోసారి కదిలింది, చూశారా? మనం గుర్రం డీ4! రాణి మీదికే. బిషప్ ఎఫ్7 తీసుకుని చెక్. రాజు ఈ7. క్యాస్లింగ్ పోయింది, చూడటానికి భయంగా ఉంటుంది, చెయ్యి వణకనివ్వకండి. రాణి సీ4కు వెళ్లింది, బిషప్‌ను వదలకుండా.

వీడియో ఆపండి. మన ఎత్తు మీరే వెతకండి.

బీ5. రాణి కదలాలి. ఎటు వెళ్లినా ఆ బిషప్ మనదే.