నల్లబడే మూత్రం, బిగుసుకునే నడుము

ఒంగోలు సభకు విచ్చేసిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, తోటి వైద్యులకు నమస్కారం.

కనిగిరి ప్రాంతంలో తిరిగే మనకు నడుము బిగుసుకుపోయిన మనిషి కొత్త కాదు. వంగలేకపోతున్నానని ఎవరైనా అనగానే ఫ్లోరైడు నీళ్లే కారణమనుకుంటాం. చాలామంది విషయంలో ఆ అనుమానం సరైనదే. అయితే అదే నొప్పి వెనుక, పుట్టుకతో వచ్చే ఆల్కాప్టోన్యూరియా అనే చాలా అరుదైన జబ్బు ఉండవచ్చు.

మనం తిన్న పప్పు, పాలు, మాంసంలోని మాంసకృత్తులు అరిగాక వాటిలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో అంచెలంచెలుగా విడిపోతూ, మధ్యలో హోమోజెంటిసిక్ ఆమ్లంగా మారుతుంది. దాన్ని విడగొట్టే ఎంజైము లోపించినవారిలో ఆ ఆమ్లం చాలావరకు మూత్రంలో పోతుంది గాని, మిగిలినది ఏళ్ల తరబడి కీళ్లలో ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థిలోకి ఇంకి, నల్లబడి, దాన్ని పెళుసుగా చేస్తుంది. కీలుమార్పిడి కోసం మోకాలు తెరిచినప్పుడు, తెల్లగా నిగనిగలాడవలసిన చోట బొగ్గులాంటి నలుపు కనబడుతుంది. కొందరికి తమ జబ్బు పేరు ఆ శస్త్రచికిత్స తరువాతే తెలుస్తుంది. నన్ను అన్నిటికన్నా బాధించేది ఈ ఆలస్యమే.

ఎందుకంటే, ఈ జబ్బు చాలామందిలో పొత్తిగుడ్డల నాడే గుర్తు చూపిస్తుంది. బిడ్డ తడిపిన గుడ్డ గాలి తగిలేకొద్దీ గోధుమరంగుకు, నలుపుకు తిరుగుతుంది. సబ్బులో క్షారం ఉంటుంది కనుక, రుద్దితే మరక ఇంకా ముదురుతుంది. నలభై దాటిన కొడుకును నా దగ్గరకు తీసుకువచ్చిన ఒక తల్లి, "ఎంత రుద్దినా పోలేదు సార్, ఇంకా నల్లబడింది. గుడ్డ మంచిది కాదనుకొని పారేశా" అన్నారు. ఆ మాట ఆమెను అంతకుముందు ఎవరూ అడగలేదు.

బాల్యంలో నొప్పి ఉండదు. ముప్పై ఏళ్లు దాటాక నడుము, ఆ తరువాత మోకాళ్లు, తుంటి కీళ్లు పట్టేస్తాయి. అప్పుడు కనుగుడ్డు తెలుపులో గోధుమరంగు మచ్చ, చెవి డిప్పలో నీలి నలుపు ఛాయ ఉన్నాయేమో వెలుతురులో చూడండి. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు అయితే ఎముకలే చిక్కబడి కనిపిస్తాయి. ఆల్కాప్టోన్యూరియాలో వెన్నుపూసల మధ్య డిస్కులు సన్నబడి, వాటిలో సున్నం పేరుకుంటుంది.

1902లో లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ ఈ జబ్బును పరిశీలించి, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులలో చాలామంది దగ్గరి రక్తసంబంధీకులని గుర్తించాడు. మేనరికాలు వాడుకలో ఉన్న మన జిల్లాలకు ఇది నేరుగా తగిలే మాట. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే జబ్బు వస్తుంది. ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండానే అలాంటి జన్యువును ఒక్కొక్కటి మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇది తల్లి తప్పు కాదని ఆ ఇంట్లో మీరే చెప్పాలి.

హోమోజెంటిసిక్ ఆమ్లం తయారీని తగ్గించే నిటిసినోన్ అనే మందును 2020లో ఐరోపాలో పెద్దవారి కోసం ఆమోదించారు. దానివల్ల రక్తంలో టైరోసిన్ పెరిగి కంటికి హాని కలగవచ్చు కాబట్టి, నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. అరిగిపోయిన కీలును ఏ మందూ తిరిగి తేలేదు.

అందుకే బాలింతల ఇళ్లకు వెళ్లినప్పుడు దండెం మీది గుడ్డలు చూడండి. అనుమానం వస్తే కొంచెం మూత్రాన్ని గాజు సీసాలో మూత పెట్టకుండా మర్నాటి వరకు ఉంచమనండి. రంగు మారకపోయినా అనుమానం తీరనప్పుడు, మారినప్పుడు తప్పనిసరిగా, హోమోజెంటిసిక్ ఆమ్లం పరీక్షకు పంపించండి.