వడకట్టి మళ్లీ వాడే ఉత్ప్రేరకం

శ్రోతలకు నమస్కారం.

ఒక పదార్థానికి ఆక్సిజన్ తగిలించడం రసాయన కర్మాగారాల్లో రోజువారీ పని. మందుల తయారీలోనూ, ప్లాస్టిక్కుల తయారీలోనూ ఎక్కడో ఒకచోట ఇది తప్పదు. పాత పద్ధతిలో దీనికి క్రోమియం లవణాలు వాడేవారు. పని జరిగేది, వెనకాల విషపు మడ్డి మిగిలేది. అదే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేస్తే, 34 గ్రాముల్లో 16 గ్రాముల ఆక్సిజన్ పనికొచ్చి, తక్కిన 18 గ్రాములూ మామూలు నీళ్లుగా మిగులుతాయి. కాకపోతే పెరాక్సైడ్ తనంతట తాను కదలదు, దానికి ఉత్ప్రేరకం కావాలి.

ఇటలీలో ఎని అనే చమురు సంస్థ పరిశోధకులు 1983లో పేటెంటు పొందిన టీఎస్-1, అంటే టైటానియం సిలికలైట్, అలాంటిదే. చూడ్డానికి సుద్దపొడిలా ఉంటుంది. అర నానోమీటరు పైచిలుకు రంధ్రాలున్న సిలికా అది. అందులో దాదాపు 40 సిలికాన్ పరమాణువులకు ఒకటి చొప్పున టైటానియం ఇమడగలదు, అంతకు మించి ఎక్కించబోతే బయటికి తన్నేస్తుంది. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో 2008లో, నురుగు పరుపులకు ముడిసరుకైన ప్రొపిలీన్ ఆక్సైడ్‌ను ఏడాదికి మూడు లక్షల టన్నులు తీసే సామర్థ్యమున్న కర్మాగారం ఈ జాతి ఉత్ప్రేరకంతోనే మొదలైంది.

తయారీలో మెలకువంతా మొదటి గంటలోనే ఉంది. సిలికాన్, టైటానియం ఎస్టర్లను, అంటే ఆల్కహాల్‌తో కలిసిన వాటి ద్రవరూపాలను, ముందు బాగా కలిపి, సోడియం లేని క్షారాన్ని చుక్కచుక్కగా పోయాలి. తొందరపడితే టైటానియం నీటికి చిక్కి, తెల్లటి తరకలుగా విరిగిపోతుంది. ఆ తరకలు అనటేజ్ అనే టైటానియం డయాక్సైడ్ అవుతాయి. అవి ఆక్సీకరణ చేయవు సరికదా, పెరాక్సైడ్‌ను వృథాగా నీళ్లు, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తాయి. మిశ్రమాన్ని 170 డిగ్రీల దగ్గర, ఆవిరి పోకుండా బిగించే పాత్ర, అంటే ఆటోక్లేవ్‌లో రెండు మూడు రోజులు ఉంచి, 550 డిగ్రీల్లో కాల్చాక అతినీలలోహిత కాంతిలో చూస్తే, పొడి ఎంత కాంతిని పీల్చిందో చూపే గీతలో 210 నానోమీటర్ల దగ్గర గుట్ట ఉండాలి. 330 దగ్గర కూడా లేచిందంటే అనటేజ్ చేరినట్టే.

ఇక అసలు పరీక్ష. ఘన ఉత్ప్రేరకం అని పేరు పెట్టుకున్నవి కొన్ని నిజానికి ద్రవంలోకి లోహాన్ని వదిలి, ఆ కరిగిన లోహంతోనే పని చేయిస్తాయి. దొంగను పట్టే పద్ధతి సులువు: పని సగంలో ఉండగా, వేడి తగ్గకముందే వడకట్టి, పొడి లేని ద్రవాన్ని అదే వేడిలో ఉంచాలి. అప్పుడూ పని సాగుతుంటే లోహం కరిగినట్టే. టీ పొడి తీసేశాక కూడా డికాషన్ చిక్కబడుతుంటే, పొడి కణాలు జాలీ దాటిపోయినట్టు కదా! చల్లారాక వడకడితే లాభం లేదు, కరిగిన లోహం తిరిగి పొడికే అంటుకుంటుంది.

ఎవరైనా ‘ఒకే పొడిని అయిదుసార్లు వాడాం, ప్రతిసారీ పని నూటికి నూరు’ అంటే నమ్మకండి. అవసరానికి మించి పొడి వేస్తే, సగం చచ్చినా పని పూర్తవుతుంది. పని నలభై, యాభై శాతం అయిన దగ్గర ఆపి, వేగాన్ని పోల్చాలి. పైగా 50 మిల్లీగ్రాముల పొడిలో ప్రతిసారీ కొంత ఫిల్టరు కాగితానికే పోతుంది. అందుకే గిర్రున తిప్పి పొడిని అడుగుకు దించే సెంట్రిఫ్యూజ్ మేలు. మిగిలిన పొడిని తూచి, దానికి తగ్గట్టు తక్కిన సరుకులు తగ్గించుకోవాలి.

రంధ్రాలు పూడితే పొడి పసుపెక్కుతుంది. 550 డిగ్రీల గాలిలో కాలిస్తే మళ్లీ తెల్లబడి, పనిలోకి వస్తుంది. టైటానియమే ఊడిపోతే మాత్రం ఎంత కాల్చినా రాదు.

కాల్చేముందు మెథనాల్‌తో కడగండి, ఎసిటోన్‌తో ఎప్పుడూ వద్దు. మిగిలిన పెరాక్సైడ్‌తో కలిస్తే అది పేలే పదార్థం అవుతుంది. కడిగిన ద్రవంలో పెరాక్సైడ్ పోయిందో లేదో పరీక్ష కాగితం ముంచి చూశాకే పొడిని ఓవెన్‌లో పెట్టండి.