సీనియర్ ఫోటోలు: 7 డ్రెస్సులు, ఒకటే నవ్వు

నమస్కారమండీ. ఈ వారం లెన్సుల గొడవ పక్కన పెడదాం. అమెరికాలో మన ఇళ్ళల్లో ఏటా ఎండాకాలం చివర్లో మొదలయ్యే పంచాయితీ ఒకటుంది, దాని గురించి మాట్లాడుకుందాం. సీనియర్ ఫోటోలు తీయించడం అయిపోతుంది, గ్యాలరీ లింకు వస్తుంది, తెరిస్తే 280 ఫోటోలు. ప్యాకేజీలో ఇచ్చేది 15. అమ్మ ఒకటి బాగుందంటుంది, నాన్న ఇంకోటి అంటాడు, పిల్ల "నాకేదీ నచ్చలేదు" అని గది తలుపేసుకుంటుంది.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళకి ఒక్క ముక్క. ఇక్కడ పన్నెండో తరగతి పిల్లల్ని సీనియర్లు అంటారు. స్కూలు చదువుకి అదే ఆఖరి ఏడాది కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా ఫోటోలు తీయిస్తారు. మనం టెన్త్‌లో బెంచీలేసుకుని, హెడ్‌మాస్టర్‌గారిని మధ్యలో కూర్చోబెట్టి దిగిన గ్రూప్ ఫోటో లాంటిది కాదు. వీటిలో ఒకటి స్కూలు ఇయర్‌బుక్‌లోకి, అంటే ఏటా పిల్లలందరి ఫోటోలతో వేసే పుస్తకంలోకి వెళ్తుంది. మిగతావి గోడమీదికి, గ్రాడ్యుయేషన్ కార్డుల మీదికి, బంధువులకి.

నేను డాలస్ దగ్గర ఉంటాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడింగ్, శని ఆదివారాలు కెమెరా. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా మనవాళ్ళే. అందుకే ఈ పంచాయితీలో చాలాసార్లు పెద్దమనిషిగా కూర్చోవాల్సి వచ్చింది.

ముందు ఇయర్‌బుక్ ఫోటో సంగతి తేల్చేద్దాం. దాన్ని మామూలుగా స్కూలుతో ఒప్పందమున్న స్టూడియోవాళ్ళే తీస్తారు. ఆడపిల్లలకి మెడ కింద నల్లటి బట్ట చుడతారు, దాన్ని డ్రేప్ అంటారు. మగపిల్లలకి టక్సీడో, అంటే బో టైతో వేసుకునే నల్లకోటు. అదీ చాలాచోట్ల ముందు భాగమే ఉంటుంది, వెనక పట్టీతో బిగిస్తారు. ముందు నుంచి చూస్తే పెళ్ళికొడుకు, వెనక నుంచి చూస్తే బాస్కెట్‌బాల్ టీషర్టు. ఆ పేజీలో అందరూ ఒకేలా ఉండాలన్నదే వాళ్ళ ఉద్దేశం. కాబట్టి అక్కడ వెరైటీ కోసం తల బద్దలు కొట్టుకోకండి. కళ్ళు తెరుచుకున్నాయా, కాలర్ సరిగ్గా ఉందా చూసుకుని, గడువులోపల ఒకటి ఎంచి పంపేయండి. గడువు దాటితే చాలా స్కూళ్ళలో వాళ్ళే ఏదో ఒకటి పెట్టేస్తారు. అది మీకు నచ్చనిదే అయి ఉంటుంది, రాసిపెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం.

రెండేళ్ళ కింద ఒక అమ్మాయి 7 డ్రెస్సులతో వచ్చింది. కారు వెనక సీటంతా హ్యాంగర్లే. గౌను, జీన్స్, లంగా ఓణీ, స్కూలు జాకెట్, తను చేరాలనుకుంటున్న యూనివర్సిటీ టీషర్టు, ఇంకో రెండు. జులై నెల, సాయంత్రం 7 దాటినా టెక్సాస్ ఎండ పెనం మీద నిలబెట్టినట్టే ఉంటుంది. ఒక్కో డ్రెస్సు మారేసరికి పావుగంట. వాళ్ళమ్మగారు చేతిలో బ్యాటరీ ఫ్యాన్ పట్టుకుని వెనకే పరిగెత్తారు. రాత్రి ఇంటికొచ్చి ఫోటోలన్నీ కంప్యూటర్లో పరిచి చూస్తే గుండె జారిపోయింది. 7 డ్రెస్సుల్లోనూ తల ఎడమకే వాలింది, చెయ్యి నడుం మీదే ఉంది, నవ్వు అదే నవ్వు. తప్పు ఆ పిల్లది కాదు. మొదటి ఫోటోకి "బాగుంది, అలాగే ఉండు" అన్నది నేనే. పాపం, మూడు గంటలూ అలాగే ఉంది.

అప్పటి నుంచి అందరికీ ఒక పరీక్ష చెప్తున్నాను. గ్యాలరీని ఫోన్‌లో తెరిచి, ఫోటోలు గోరంత అయ్యేదాకా చిన్నవి చేయండి. అప్పుడు మొహాలు కనబడవు, ఆకారాలే కనబడతాయి. ఏ రెండు ఆకారాలు ఒకేలా ఉంటే ఆ రెండూ ఒకే ఫోటో కింద లెక్క, చొక్కా రంగు మారినా సరే. రెండింట్లో ఒకటి తీసేయండి. ఈ ఒక్క పనితో 280 కాస్తా 40కి దిగుతాయి. మిగిలిన బేరం ఆ 40 దగ్గర.

ఆ 40లో నేను మొదట చూసేది దూరం. మొహం ఒక్కటే నిండుగా ఉన్నది ఒకటి, నడుము దాకా ఉన్నవి కొన్ని, తల నుంచి పాదాల దాకా నిలువెత్తుగా ఒకటో రెండో, ఆ తర్వాత మనిషి చిన్నగా, చోటు పెద్దగా కనిపించేది ఒకటి. మనవాళ్ళు ఈ ఆఖరిదాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తారు. "మొహమే కనబడటం లేదు కదండీ, ఇదెందుకు?" అంటారు. ఉంచండి. పక్కన ఉన్న పద్నాలుగు మొహాలకి ఊపిరాడేది దానివల్లే.

తర్వాత చేతులు. ఓ అబ్బాయి వచ్చాడు, బక్కపల్చటి పొడుగాటి పిల్లాడు. కెమెరా ముందు ఆ రెండు చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక జేబులో పెడతాడు, తీస్తాడు, మళ్ళీ పెడతాడు. స్కూలు మార్చింగ్ బ్యాండ్‌లో ట్రాంబోన్ అనే పొడుగాటి బాకా వాయిస్తాడని తెలిసి, కారులో ఉంటే తెచ్చుకోమన్నాను. అది చేతికి రాగానే మనిషి మారిపోయాడు. వాయిస్తున్నట్టు కొన్ని తీశాను, అవి బాగానే వచ్చాయి. ఈ మధ్యలో వాడు తల వంచి, స్లైడ్, అంటే ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం, దాని చివరనున్న చిన్న మీట నొక్కి, గొట్టంలోకి ఉఫ్ అని ఊదాడు. లోపల చేరిన నీళ్ళు టపటపా నేలమీద పడ్డాయి. నేను క్లిక్ చేశాను. భుజాలు వదులుగా, కనుబొమలు ముడిపడి, నాలుగేళ్ళ నుంచి రోజూ చేస్తున్న పని మీదే ధ్యాసంతా. ఆ సాయంత్రం తీసినవాటిలో వాడు నన్ను మర్చిపోయిన ఫోటో అదొక్కటే. వాళ్ళమ్మగారు మాత్రం "ఛీ, ఉమ్మి ఊదేసేది ఫోటో ఏంటండీ" అన్నారు. అదంతా ఉమ్మి కాదండీ, ఊపిరిలో ఉండే ఆవిరే ఎక్కువగా లోపల నీరవుతుంది అని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదనుకోండి. పిల్లాడు మొండికేసి దాన్నే ఉంచాడు.

నవ్వు గురించి కూడా చెప్పాలి. "పళ్ళు కనబడేలా నవ్వు నాన్నా" అని పక్క నుంచి ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. ఇయర్‌బుక్ ఫోటోల్లో నవ్వడం మొదటి నుంచీ ఉన్న రివాజు కాదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు 1905 నుంచి 2013 దాకా వచ్చిన అమెరికన్ హైస్కూల్ ఇయర్‌బుక్కుల నుంచి 37 వేలకు పైగా ఫోటోలు తీసుకుని, ఏ కాలంలో ఎంత నవ్వారో కంప్యూటర్‌తో లెక్కగట్టారు. మొదట్లో పెదాలు బిగబట్టుకున్న మొహాలు, పోనుపోను సాగిన నవ్వులు. మన తాతల ఫోటోలు చూసుకోండి, ఎవరైనా నవ్వారా? కాబట్టి 15లో ఒక్కటి నవ్వు లేనిది ఉంటే కొంప మునగదు. 17 ఏళ్ళ పిల్లల మొహం మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఇంకో రెండేళ్ళకి మీకే గుర్తుండదు.

ఆ నవ్వు లేని ఫోటోకి ఓ ఉపయోగం కూడా ఉంది. చాలా స్కూళ్ళలో ఇయర్‌బుక్ చివర తల్లిదండ్రులు డబ్బు కట్టి అరపేజీయో పావుపేజీయో తీసుకుంటారు, సీనియర్ యాడ్ అంటారు. పిల్లల చిన్నప్పటి ఫోటో పక్కన ఇప్పటిది పెట్టి నాలుగు మాటలు రాస్తారు. అక్కడికి ముందు పాత ఫోటో వెతికి బయటికి తీయండి, దాన్నిబట్టి కొత్తది ఎంచండి. అన్నప్రాసన ఫోటోలో మూతి ముడుచుకుని ఉన్నాడా? ఇప్పటి సీరియస్ మొహం పక్కన పెడితే ఆ మూతి అదే అని తెలిసిపోతుంది. ఏ స్టూడియో నవ్వూ దానికి సాటి రాదు.

చోటు గురించి ఎక్కువ చెప్పను. రైలు పట్టాల మీద మాత్రం వద్దు. ఇక్కడ అది చట్టరీత్యా నేరం. పైగా బండి పట్టాల కన్నా రెండు వైపులా కనీసం 3 అడుగులు బయటికి ఉంటుంది, పక్కన నిలబడ్డాం కదా అనుకుంటే కాదు. బ్లూబానెట్ అనే టెక్సాస్ నీలం పూలు కావాలంటే మార్చి చివర, ఏప్రిల్ దాకా ఆగాలి. అప్పటికి ఇయర్‌బుక్ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇయర్‌బుక్ ఫోటో ముందే అయిపోతే, ఆ పూలు గ్రాడ్యుయేషన్ కార్డుకి పనికొస్తాయి. ఒకే రోజు అన్నీ తీయించేయాలని లేదు కదా.

ఎడిటింగ్‌లో నా లెక్క ఒకటే. మొటిమ వచ్చే వారానికి పోతుంది, తీసేస్తాను. పుట్టుమచ్చ పోదు, ఉంచేస్తాను. రంగు తగ్గించమని మాత్రం అడగొద్దు. "కొంచెం బ్రైట్ చేయండి" అని మెత్తగా అడుగుతారు, అర్థం అవుతుందండీ నాకు. పిల్ల పక్కనే కూర్చుని వింటూ ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం.

ఇందాక చెప్పిన 7 డ్రెస్సుల అమ్మాయి ఉంది కదా, లంగా ఓణీలో తన నిలువెత్తు ఫోటో ఒకటి నిజంగా బాగా వచ్చింది. మెట్ల మీద నిలబడి లంగా అంచు కాస్త పైకి పట్టుకుని, తన పాదాల వంకే చూసుకుంటోంది. కాళ్ళకి వెండి పట్టీలు, తెనాలి నుంచి వాళ్ళ అమ్మమ్మగారు పంపినవి. ఆ ఫోటో తీసిందే వాటి కోసం. వాళ్ళు 8 బై 10 సైజులో ప్రింటు అడిగారు, నేనే ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చాను. ఇండియా వెళ్ళే వాళ్ళెవరో ఉంటే సూట్‌కేసులో పెట్టి పంపించారు.

వారం తర్వాత వీడియో కాల్లో అమ్మమ్మగారి మొదటి మాట: "ఫోటో బాగుంది గానీ, పట్టీలేవే?"

పట్టీలు లేవు. పాదాలే లేవు. నా కెమెరాలో బొమ్మ కొలత 3కి 2. వెడల్పు 8 అంగుళాలైతే ఎత్తు 12 ఉండాలి. 8 బై 10 అంటే 2 అంగుళాలు ఎక్కడో ఒకచోట కోయాల్సిందే. ఆర్డరిచ్చేటప్పుడు ఆ కోత ఎక్కడ పడుతోందో చూడకుండా ఓకే కొట్టాను. జడ, పూలు అన్నీ భద్రంగా ఉన్నాయి, కోత కిందే పడింది. ఆ అమ్మాయి ఏ పట్టీల వంక చూసుకుంటోందో అవే లేవు, ఏదో పోగొట్టుకుని నేలమీద వెతుక్కుంటున్నట్టుంది.

అందుకే ఫోటో ఎంచేటప్పుడే అది ఎక్కడికి వెళ్తుందో అనుకోండి. పర్సులో పెట్టుకునే వాలెట్ సైజు రెండున్నర బై మూడున్నర అంగుళాలు, దాంట్లో దూరపు ఫోటో వేస్తే చీమంత కనబడతారు, మొహం నిండుగా ఉన్నదే వేయండి. వెనకాల రాసి స్నేహితులు ఒకరికొకరు ఇచ్చుకునేది అదే. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు చాలా పాతవి. 1860ల్లోనే జార్జ్ వారెన్ అనే ఫోటోగ్రాఫర్ హార్వర్డ్ లాంటి కాలేజీల్లో చదివేవాళ్ళకి ఒకే నెగెటివ్ నుంచి ఎన్నో కాపీలు తీసిచ్చేవాడు, వాళ్ళు మార్చుకుని ఆల్బమ్‌లు కట్టించుకునేవాళ్ళు. కార్డు మీదికి పక్కన పేరు, తేదీ రాయడానికి ఖాళీ ఉన్న ఫోటో కావాలి. గోడకైతే నిలువెత్తుది వేసుకోవచ్చు, కానీ పైనా కిందా చోటు వదిలి తీసినదై ఉండాలి. ఇప్పుడు నేను అలా వదిలే తీస్తున్నాను, దెబ్బ తిన్నాక వచ్చిన తెలివి.

ఇక 15లో ఎవరి మాట ఎంతంటే, మా దగ్గర కుదిరిన రాజీ ఇది: 10 పిల్లలవి, అమ్మకి 2, నాన్నకి 2, ఒకటి ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళది. ఎవరి కోటాని ఇంకొకళ్ళు ప్రశ్నించకూడదు. నాన్నలు సాధారణంగా వాళ్ళ 2 కూడా అమ్మకే ఇచ్చేసి బయటపడతారు.

తెనాలి ఫోటో సంగతి చెప్పడం మర్చిపోయాను. ఫైలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపి, అక్కడే స్టూడియోలో 12 బై 18లో వేయించమన్నాను. అదీ 3కి 2 కొలతే, కోత లేకుండా పూర్తిగా వచ్చింది. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారట, పట్టీలు గుమ్మంలోంచే కనబడుతున్నాయట. మొన్న అమ్మమ్మగారితో మాట్లాడాను, బాబూ బాగుంది అన్నారు. చేతికి గాజులు మాత్రం మరీ రెండేనా అని అడిగారు.