మూత తియ్యని డబ్బా

హాయ్ అండీ, బాగున్నారా అందరూ? ముందు మీకొక పాత క్లిప్పు చూపిస్తా. మూడు నెలల కిందట మా ప్రాజెక్టు గో-లైవ్ వారంలో, అంటే మేం చేసిన సాఫ్ట్‌వేర్ జనం వాడకంలోకి వెళ్లే వారంలో తీసింది. "ఆఫీసు వారం ఎలా గడుస్తుంది" అని వీడియో చేద్దామని రోజుకి నాలుగైదు ముక్కలు తీసిపెట్టుకున్నా. శనివారం ఎడిటింగ్‌కి కూర్చుంటే బుధవారం క్లిప్పుల దగ్గర చెయ్యి ఆగిపోయింది.

చూడండి, పొద్దున 8:10. ల్యాప్‌టాప్ పక్కన నీలం మూత డబ్బా ఉంది కదా, అది నా మధ్యాహ్నం భోజనం. ఇది 1:40. అదే డబ్బా, అదే చోట. ఇది సాయంత్రం 6:25. డబ్బా మీద నా హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, అంటే అప్పటికి దాన్ని స్టాండులా వాడేస్తున్నా అన్నమాట. పక్కన కాఫీ కప్పులు మాత్రం పొద్దున ఒకటి, మధ్యాహ్నం మూడు, సాయంత్రానికి నాలుగు. ఆ ఆఖరి క్లిప్పులో నేనేమంటున్నానో వినండి: "ఈరోజు ఫుల్ బిజీ అండీ, కానీ బానే మేనేజ్ చేసేశా." ఆ ముక్క కట్ చెయ్యలేదు, ఉండనిచ్చా.

ఆ రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది. తనకి అక్కడ తెల్లారేసరికి నాకిక్కడ రాత్రవుతుంది కాబట్టి మా కాల్ ఎప్పుడూ ఆ టైముకే. 

"ఏం తిన్నావే?"

"తిన్నానమ్మా."

"తిన్నావా అని కాదు, ఏం తిన్నావని అడుగుతున్నా."

నెట్‌వర్క్ బాలేదని చెప్పి పెట్టేశా. ఇంత దూరంలో ఉన్నందుకు మనకి దొరికే ఒకే ఒక్క సుఖం అది.

నిజం చెప్పాలంటే నేను డైటింగ్ చెయ్యట్లేదు, టైము లేక మానెయ్యటమూ కాదు. ఆకలి వెయ్యట్లేదు, అంతే. మూత తీస్తే వాసనకి కడుపులో తిప్పినట్టుండేది. అదేదో నా ఒక్కదాని వింత అనుకునేదాన్ని కానీ, దీని వెనక పాత కథే ఉంది. 1890ల చివర్లో అమెరికాలో వాల్టర్ కానన్ అనే ఆయన హార్వర్డ్‌లో ఇంకా మెడిసిన్ చదువుతూనే, అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్-రేతో పిల్లుల కడుపు ఎలా కదులుతుందో చూశాడు. తిండిలో ఎక్స్-రేకి అడ్డుపడే బిస్మత్ అనే పదార్థం కలిపి పెడితే ఎక్స్-రేలో కడుపు ఆకారం తెలుస్తుంది. పిల్లి స్థిమితంగా ఉన్నంతసేపూ కడుపు అలలు అలలుగా కదిలేది. పిల్లికి కంగారో కోపమో రాగానే ఆ కదలిక టక్కున ఆగిపోయేది. శాంతించాక మళ్లీ మొదలు. జనం వాడుతున్న మా సాఫ్ట్‌వేర్‌లో ఏదో పగిలిందని ఫోన్ మోగినప్పుడల్లా నా కడుపు కూడా ఆ పిల్లి కడుపే. ఒంట్లో అడ్రినలిన్ అనే కంగారు హార్మోను ఎక్కినప్పుడు రక్తం కండరాలకి పోతుంది, అరుగుదల పని పక్కకి పోతుంది. ఆ టైములో నిండు ప్లేటు ముందు పెడితే ఎవరికైనా విసుగే.

అందరికీ ఇలా ఉండదు లెండి. మావారికి పూర్తిగా ఉల్టా. టెన్షన్ వస్తే చిప్స్ ప్యాకెట్ పెద్దది తెరుస్తారు. ఒత్తిడి రోజుల తరబడి సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను వల్ల కొందరికి ఆకలి పెరుగుతుంది కూడా. ఈ వీడియో ఆయన కోసం కాదు, నా లాంటివాళ్ల కోసం.

ఇక కాఫీ. ఆకలిని కాసేపు అణచిపెడుతుంది, అందుకే అది తాగితే "నాకు బానే ఉంది" అనిపిస్తుంది. కాఫీలో ఉండే కెఫీన్ ఒంట్లో సగం కరగటానికే సగటున ఐదు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం నాలుగింటి కప్పులో సగం రాత్రి తొమ్మిదింటికి ఇంకా ఒంట్లోనే. నిద్ర పట్టదు, పొద్దున తలనొప్పి, తలనొప్పికి కాఫీ, కాఫీ తాగాక ఆకలి లేదు. ఇలా తిరుగుతూనే ఉంటుంది. కాఫీ మానెయ్యమంటే నేనే ఒప్పుకోను. మొదటి కప్పుకి ముందు నోట్లో ఏదో ఒకటి పడాలి, మధ్యాహ్నం రెండు దాటాక కప్పు ముట్టుకోకూడదు. నేను పెట్టుకున్నది ఈ రెండే.

దీన్ని బాగుచేద్దామని మొదట నేను చేసింది శుద్ధ తప్పు. ఆదివారం మూడు గంటలు నిలబడి ఐదు పెద్ద డబ్బాలు వండి సర్దా. ఫోటో చాలా బాగా వచ్చింది, స్టేటస్ కూడా పెట్టా. సోమవారం ఒక డబ్బాలో సగం తిన్నా. మంగళవారం మైక్రోవేవ్‌లో పెట్టగానే వచ్చిన వాసనకి బాల్కనీలోకి పోయి నిలబడ్డా. గురువారానికి రెండు డబ్బాలు చెత్తబుట్టలోకి. వండిన తిండి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకి మించి ఉంచకూడదు కదా, ఐదో రోజు డబ్బా అసలు లెక్క ప్రకారమే తప్పు. అయినా పారేస్తుంటే ఏడుపొచ్చింది. ఆకలి లేనివాళ్ల ముందు నిండు డబ్బా పెడితే అది తిండిలా కనపడదు, చెయ్యాల్సిన ఇంకో పనిలా కనపడుతుంది. ఆ వారం నాకు పనులకేం కొదవ లేదు.

అక్కడ నుంచి లెక్క తిరగేశా. గిన్నె చిన్నది చెయ్యాలి, అందులో పడే సరుకు మాత్రం ఎక్కువ బలం ఇచ్చేది అవ్వాలి. ఆకలి వేసేదాకా ఆగకూడదు, ఎందుకంటే ఆ వారం అది రాదు. గ్రెలిన్ అని ఆకలి పుట్టించే హార్మోను ఒకటుంది, 1999లో జపాన్ పరిశోధకులు కనిపెట్టారు. అది మనం రోజూ తినే వేళకి కాస్త ముందే పెరుగుతుంది. అంటే మన ఆకలికి వేళలు అలవాటవుతాయి. మనం ఒక రోజు ఒంటిగంటకి, ఒక రోజు నాలుగింటికి, ఒక రోజు అసలు తినకుండా ఉంటే పాపం దానికి మాత్రం ఏం తెలుస్తుంది?

ఫోన్లో ఆరు అలారాలు పెట్టుకున్నా. పేరు "రెండు ముద్దలు". అలారం ఆపాలంటే ముందు డబ్బా మూత తియ్యాలి, రెండు ముద్దలు తినాలి. మూడోది వద్దనిపిస్తే మూత పెట్టేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నవ్వొస్తోంది కదా, కానీ నాలుగుసార్లలో మూడుసార్లు గిన్నె ఖాళీ అయిపోయేది. మొదలుపెట్టడం దగ్గరే నా చిక్కంతా.

ఇప్పుడు గుడ్ల దగ్గరికి వద్దాం, కెమెరా దగ్గరికి తెస్తా. ఇవి ఆరు గుడ్లు. నీళ్లు బాగా మరిగాక గరిటెతో ఒక్కొక్కటీ దింపుతున్నా, ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే. పది నిమిషాలు, టైమర్ పెట్టి మరీ. అవ్వగానే చల్లటి నీళ్లలోకి. ఎందుకింత పట్టింపు అంటే, ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ బూడిదాకుపచ్చ గీత వస్తుంది, అదిగో ఆ గంధకం వాసన కూడా దానితోనే వస్తుంది. మామూలప్పుడు పట్టించుకోం, కడుపులో తిప్పే వారంలో మాత్రం ఆ వాసన ఒక్కటి చాలు గుడ్డు అవతల పెట్టెయ్యటానికి. ఇంకోటి, నిన్న తెచ్చిన తాజా గుడ్ల కంటే వారం పాతవే పెంకు తేలిగ్గా వదులుతాయి. వెడల్పు వైపు గాలి ఖాళీ ఉంటుంది కదా, అక్కడ తట్టి మొదలుపెట్టండి. ఇదిగో, పొర పట్టుకుని లాగితే పెంకు దానితోపాటే వచ్చేస్తోంది. పెంకు తియ్యనివైతే ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. పెద్ద గుడ్డు ఒకదాన్లో ఆరు గ్రాముల ప్రొటీన్. నేను సగానికి కోసి ఉప్పు, మిరియాల పొడి చల్లి చల్లగానే తింటా. చల్లటి తిండికి వాసన తక్కువ. వికారంగా ఉన్నప్పుడు వేడి వేడిగా తినమని అందరూ అంటారు, నాకైతే అది పనిచెయ్యలేదు.

రెండోది పాలు. నమలటానికి కూడా ఓపిక లేని రోజులుంటాయి, అప్పుడు ఇవే దిక్కు. అర లీటరు వెన్న తియ్యని పాలలో నాలుగు పెద్ద చెంచాల పాలపొడి. తాగేది అంతే, లోపలికి పోయే బలం మాత్రం ఎక్కువ. పొడిని ముందు కాసిని పాలతో పేస్టులా కలుపుకుని అప్పుడు మిగతావి పొయ్యండి. నేను మొదటిసారి గ్లాసులో నేరుగా వేసి తిప్పేశా. పెద్ద మీటింగులో కెమెరా ఆన్‌లో ఉండగా స్ట్రాలో ఉండ అడ్డుపడింది. నేను బుగ్గలు లోపలికి పోయేలా పీలుస్తుంటే మా మేనేజర్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి "ఏదైనా చెప్పాలా?" అని అడిగాడు. 

మిగతావి త్వరగా చెప్పేస్తా. చిక్కటి పెరుగు చిన్న గిన్నెడు, పైన గుప్పెడు పల్లీలు. పల్లీలు 30 గ్రాములంటే దాదాపు ఏడు గ్రాముల ప్రొటీను, 170 కేలరీలు. బ్రెడ్డు ముక్క మీద పీనట్ బటర్ రెండు చెంచాలు, మందంగా. పప్పు సూపు చిన్న కప్పు, దించాక పైన ఒక పెద్ద చెంచా నూనె. ఆ చెంచా ఒక్కటే 120 కేలరీలు, కప్పు సైజు మాత్రం పెరగదు. సూపుని చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటా, వారానికి ఒక్కసారి చేస్తే చాలు.

సలాడ్ గురించి చాలామంది అడుగుతారు. మామూలు వారాల్లో నేనూ తింటా. ఆకలి లేని వారంలో గిన్నెడు ఆకులు తింటే నీళ్లు, పీచుతోనే కడుపు నిండిపోతుంది, బలం రాదు. తినటానికి ముందు పెద్ద గ్లాసు నీళ్లు తాగినా అంతే. నీళ్లు మధ్యమధ్యలో తాగండి, గిన్నె ముందు కాదు. ఈ మాట చెప్తే కొందరికి కోపం వస్తుంది, "ఆరోగ్యం గురించి చెప్తూ ఆకులు వద్దంటావేంటి" అని. వద్దనట్లేదండీ, ఈ ఒక్క వారం వాటిని వెనక వరసలో కూర్చోబెడుతున్నా.

ఇక లెక్క. మామూలుగా పెద్దవాళ్లకి ఒంటి బరువు కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ అంటారు. నా 60 కిలోలకి దాదాపు 50 గ్రాములు. పొద్దున పాలు, సగం అరటిపండు, పదిన్నరకి గుడ్డు, ఒంటిగంటకి సూపు, నాలుగింటికి పెరుగు, పల్లీలు, ఏడింటికి పీనట్ బటర్ బ్రెడ్డు, పడుకునే ముందు మళ్లీ పాలు. అన్నీ అయితే 50 దాటుతుంది. కేలరీలు మాత్రం 1300 దగ్గరే ఆగుతాయి. అది నాలాంటి మనిషికి నెలల తరబడి చాలదు, ఆ సంగతి దాచను. ఆ వారం కళ్లు తిరిగి పడిపోకుండా గట్టెక్కటానికే ఇది. పని తేలికపడగానే పెద్ద కంచంలోకి వెళ్లిపోవాలి.

వారం గడిచాక కూడా ఆకలి రాకపోతే, ఏ ప్రయత్నమూ లేకుండానే ఆరు నెలల్లోనో ఏడాదిలోనో ఒంటి బరువులో ఐదు శాతం, అంటే నాకైతే మూడు కిలోలు, తగ్గిపోతే అప్పుడు డాక్టరు దగ్గరికే. మింగటం కష్టంగా ఉన్నా, దేని మీదా మనసు పోకపోయినా అంతే. షుగరు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు నా గిన్నెలు చూసి కాపీ కొట్టకండి, ముందు మీ డాక్టర్ని అడగండి.

ఇది మొన్నటి రెండో గో-లైవ్ వారం, మళ్లీ బుధవారమే. 8:10కి నీలం మూత డబ్బా లేదు, దాని స్థానంలో అరచేతిలో పట్టే చిన్న డబ్బాలు మూడు. 1:40కి ఒకటి ఖాళీ, ఒకటి సగం. కాఫీ కప్పులు రెండు. 6:25కి నా మొహం చూడండి, అలసట ఏం తగ్గలేదు, కళ్ల కింద నలుపు అలాగే ఉంది. హెడ్‌ఫోన్స్ మాత్రం టేబుల్ మీదే ఉన్నాయి.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "ఏం తిన్నావే?" అంది. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయా. పాలు, గుడ్డు, సూపు, పెరుగు, పల్లీలు, బ్రెడ్డు. అంతా విని కాసేపు మాట్లాడలేదు.

"సరే, మరి భోజనం ఎప్పుడు చేస్తావ్?" అంది.