తలంబ్రాలు మింగేసిన మెమరీ కార్డు

హాయ్ అండీ! ఆదివారం పొద్దున్నే న్యూజెర్సీలోని ఎడిసన్ స్టేషన్‌లో ఉన్నాం. న్యూయార్క్ వెళ్తున్నాం, మెమరీ కార్డులు కొనడానికి. నవ్వకండి. "ఇంట్లో కూర్చుని కొనుక్కునేదానికి రైలెక్కాలా?" అని మా ఆయన నిన్నటి నుంచి సణుగుతూనే ఉన్నారు. నిన్ననే వెళ్దామంటే బీ అండ్ హెచ్ అనే ఆ కెమెరా షాపు శనివారం తీయరు. యూదులు నడిపే షాపు కదా, సబ్బాత్ అని ఆ రోజు పని మానేసే ఆచారం పాటిస్తారు.

నా పట్టుదలకి కారణం ఉంది. పోయినసారి తణుకులో మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లేముందు, ఆన్‌లైన్‌లో ఎవరో ఊరూపేరూ లేని అమ్మకందారు దగ్గర 256 జీబీ కార్డు చవగ్గా కొన్నాను. తెల్లవారుజామున ముహూర్తం. నిద్రమొహంతో అంతా తీశాను. కెమెరా ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు. ఇక్కడికి వచ్చి చూస్తే స్నాతకం వరకు బ్రహ్మాండంగా ఉంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు... ఫైళ్ల పేర్లున్నాయి, సైజులున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు.

అది దొంగ కార్డు. లోపల ఉన్నది ఏ 32 జీబీయో, 256 అని కెమెరాకి అబద్ధం చెప్పేలా చేస్తారు. పది కిలోల బియ్యం పోసి బస్తా మీద పాతిక కిలోలని ముద్ర కొట్టినట్టన్నమాట. అసలు చోటు నిండాక మనం తీసేదంతా గాల్లోకే.

సరే, పెన్ స్టేషన్‌లో దిగి తొమ్మిదో అవెన్యూ దాకా నడిచాం. ఈ షాపులో తల పైన పట్టాల మీద సామాన్ల ట్రేలు తిరుగుతుంటాయి. మా బాబు వాటిని చూస్తూ నిలబడిపోయాడు, మాకు కాస్త తీరిక దొరికింది.

కార్డు మీద 170, 200 అని పెద్దంకె ఉంటుంది చూశారా, దాన్ని చూసి మోసపోకండి. అది చదివే వేగం, అదీ ఆ కంపెనీ రీడర్‌లో పెడితేనే. వీడియోకి కావలసింది రాసే వేగం. దానికి మూలన చిన్నగా వీ30 అని ఉంటుంది, అంటే సెకనుకి కనీసం 30 మెగాబైట్లు. నా సోనీ జెడ్‌వీ-ఈ10లో 4కే వీడియో సెకనుకి 100 మెగాబిట్లు. బిట్లని ఎనిమిదితో భాగించాలి, పన్నెండున్నర మెగాబైట్లే! వీ30 ధారాళంగా సరిపోతుంది. "ఖరీదైన వీ90 తీసుకుందాం, మళ్లీ మీ పిన్నితో తిట్లు తినలేను" అన్నారు మా ఆయన. వెనక రెండో వరుస లోహపు పిన్నులుండే ఆ కార్డుల వేగం నా కెమెరా స్లాటు అందుకోలేదండీ. డబ్బు దండగ.

ఇక సైజు. ఈ లెక్కన గంటకి 45 జీబీ పడుతుంది. వచ్చే నెల తమ్ముడి పెళ్లికి ఒక్క 128 బదులు రెండు 64లు తీసుకున్నాను. జీలకర్ర బెల్లం అవ్వగానే కార్డు మార్చేసి, పక్కనున్న లాక్ బొడిపె కిందికి జరిపేస్తాను. ఒకటి పోయినా సగం పెళ్లైనా మిగులుతుంది కదా!

ఇంటికి రాగానే లాప్‌టాప్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ పెట్టాను. ఉచితమే. కార్డు నిండా రాసి, మళ్లీ చదివి, చోటు నిజమో కాదో చెప్తుంది. ఒక్కోదానికి అరగంట దాకా పట్టింది, ఆలోపు పప్పుచారు కూడా అయిపోయింది. తర్వాత రెండింటినీ కెమెరాలోనే ఫార్మాట్ చేశాను.

ఆ సంబరంలో పిన్నికి ఫోన్ చేశాను. "పిన్నీ, ఈసారి మంచి కార్డులు కొన్నాను, భయం లేదు" అన్నాను.

"అయితే ఏం చెయ్యమంటావే? దానికి మళ్లీ పెళ్లి చెయ్యమంటావా?" అంది.