నాలుగు గీతల నుంచి మూడు గీతలకు

శ్రోతలందరికీ నమస్కారం.

మామునూరు ఎయిర్‌పోర్ట్ మళ్లీ తెరుస్తారన్న మాట వచ్చినప్పటి నుంచి వరంగల్, హనుమకొండల్లో విమానాల గురించి మాట్లాడని ఇల్లు లేదు. నిజాం కాలం నాటి రన్‌వే అది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చాక భూముల ధరలేమవుతాయి, టికెట్ ఎంతుంటుంది అన్న ముచ్చట్లే ఎక్కడ చూసినా. నేను ఇవాళ విమానం నడిపే మనిషి గురించి మాట్లాడతాను. అందులోనూ ఒక్కటే ప్రశ్న. ఏదో ఒక కంపెనీ సొంత విమానాన్నో, అద్దెకు తిప్పే చార్టర్ విమానాన్నో నడుపుతున్న పైలట్ ఆ ఉద్యోగం వదిలి పెద్ద ఎయిర్‌లైన్‌లో చేరాలా, వద్దా?

ఇది మా ఇంటి ప్రశ్నే. మా అక్క కొడుకు కాజీపేటలో పుట్టి పెరిగాడు. ఇప్పుడు ఒక వ్యాపార సంస్థ విమానానికి కెప్టెన్, బేగంపేట నుంచి నడుపుతాడు. వయసు ముప్పై నాలుగు. నేను అదే బేగంపేటలో కంట్రోల్ టవర్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందుకే ఏ సంగతైనా ముందు నా దగ్గరికే వస్తాడు. "మామా, ఎయిర్‌లైన్‌కు అప్లై చేద్దామనుకుంటున్న. నువ్వేమంటవ్?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేదు నేను. చెప్పే ముందు రెండు ఉద్యోగాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి కదా.

2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలయ్యాక టికెట్ కొనుక్కుని ఎక్కే విమానాలన్నీ అక్కడికి వెళ్లిపోయాయి. బేగంపేటలో మిగిలింది చార్టర్ విమానాలు, ప్రముఖుల విమానాలు, పైలట్ శిక్షణ. మా అల్లుడు నడిపేది కింగ్ ఎయిర్. రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం, ఏడెనిమిది మంది కూర్చుంటారు. పొద్దున యజమానిని తీసుకుని బయల్దేరతాడు, ఆయన పని అయ్యేదాకా రోజంతా ఏదో ఒక ఊళ్లో ఎదురుచూస్తాడు, సాయంత్రం వెనక్కి తీసుకొస్తాడు. చూసేవాళ్లకు హాయిగా అనిపిస్తుంది. అక్కడ వాతావరణం చూసుకోవాల్సింది అతనే. ఎంత ఇంధనం పట్టాలో లెక్క వేయాల్సింది అతనే. ఫ్లైట్ ప్లాన్ వేసి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, అంటే గగనతల రక్షణ అనుమతి నంబరు తీసుకోవాలి, అది లేకుండా విమానం లేవదు. దిగబోయే ఊళ్లో ఎయిర్‌పోర్ట్ ఎన్ని గంటలకు మూసేస్తారో కనుక్కోవాలి. టిఫిన్ డబ్బాలు వచ్చాయో లేదో చూడాలి. యజమాని సూట్‌కేసు ఎత్తి వెనక అరలో సర్దేది కూడా చాలాసార్లు కో-పైలటే, లేకపోతే కెప్టెనే. ఇన్ని పనులు ఇద్దరు మనుషుల మీద పడతాయి.

అదే ఎయిర్‌లైన్‌లో అయితే వాతావరణం, ఇంధనం, దారి అన్నీ చూసి కాగితం చేతికిచ్చే డిస్పాచ్ విభాగం ఉంటుంది. పైలట్ దాన్ని సరిచూసి సంతకం పెడతాడు. నిర్ణయం అప్పుడు కూడా కెప్టెన్‌దే. కానీ వెనక ఒక వ్యవస్థ నిలబడి ఉంటుంది.

నా దృష్టిలో ఈ రెండు ఉద్యోగాలకూ అసలు తేడా జీతం కాదు, విమానం సైజు కూడా కాదు. "వద్దు, ఇవాళ వెళ్లలేం" అని చెప్పేది ఎవరు, ఎవరికి చెబుతున్నారు? తేడా అక్కడుంది. ఆ మాట మళ్లీ అంటాను. వద్దు అని చెప్పేది ఎవరు, ఎవరికి?

దీనికి నేను ఎప్పుడూ చెప్పే సంగతి ఒకటుంది. కొత్తగా టవర్‌లోకి వచ్చిన పిల్లలకు కూడా చెప్పేవాణ్ణి. ఇవాళ మీకూ పూర్తిగా చెబుతాను.

2001 మార్చి 29. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నుంచి కొలరాడో రాష్ట్రంలోని ఆస్పెన్‌కు ఒక చార్టర్ విమానం వెళ్లాలి. గల్ఫ్‌స్ట్రీమ్ 3 అనే జెట్. ఆస్పెన్ మంచుకొండల మధ్య ఉన్న ఊరు, చుట్టూ శిఖరాలే. చీకట్లో అక్కడ దిగడం ప్రమాదం. పైగా ఆ ఎయిర్‌పోర్ట్ నిబంధన ప్రకారం సూర్యాస్తమయం తర్వాత అరగంట దాటితే ఆ విమానం అక్కడ దిగడానికి వీల్లేదు. ఆ రోజు ఆ గడువు సాయంత్రం 6 గంటల 58 నిమిషాలు. ఈ గడువు గుర్తు పెట్టుకోండి, 6 గంటల 58 నిమిషాలు.

ప్రయాణికులు విమానం దగ్గరికి ఆలస్యంగా వచ్చారు. ఆలస్యమైతే ఆస్పెన్‌లో దిగలేం, వేరే ఊళ్లో దిగాల్సి రావొచ్చు అని పైలట్లు అన్న మాట డబ్బు కట్టిన కస్టమర్ చెవిన పడింది. ఆయన మండిపడ్డాడు. విమానం ఇంకెక్కడికీ మళ్లదని, పైలట్లు వాళ్ల మాటలు వాళ్ల దగ్గరే ఉంచుకోవాలని చెప్పించాడు. విమానం దాదాపు నలభై నిమిషాలు లేటుగా లేచింది. ఆస్పెన్ చేరేసరికి చీకటి పడుతోంది, మంచు కురుస్తోంది. అదే సమయంలో దిగబోయిన ఇంకో విమానం రన్‌వే కనపడక మళ్లీ పైకి లేచిపోయింది. ఆ మాట రేడియోలో వీళ్లకు వినిపించింది. వేరే చోట దిగే అవకాశం ఉంది, రైఫిల్ అనే ఊరి ఎయిర్‌పోర్ట్ ఎంతో దూరం లేదు. కానీ కస్టమర్ ఆ రాత్రి భోజనానికి చాలా డబ్బు ఖర్చు పెట్టాడన్న మాట కెప్టెన్ నోటి నుంచే వచ్చింది. ప్రయాణికుల్లో ఒకాయన కాక్‌పిట్‌లోకి వచ్చి పైలట్ల వెనక సీట్లో కూర్చున్నాడు కూడా.

రన్‌వే కంటికి కనపడకుండా దిగకూడని ఎత్తు ఒకటి ఉంటుంది. వాళ్లు దాని కన్నా కిందికి దిగారు. 7 గంటల 2 నిమిషాలకు విమానం రన్‌వేకు ఇవతలే నేలను ఢీకొట్టింది. ఉన్న 18 మందిలో ఒక్కరు కూడా బతకలేదు.

తర్వాత అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసి, ప్రధాన కారణం పైలట్లు రన్‌వే కనపడకుండా కిందికి దిగడమే అని తేల్చింది. దోహదం చేసిన కారణాల్లో కస్టమర్ నుంచి కెప్టెన్ మీద వచ్చిన ఒత్తిడిని కూడా రాసింది. ఒక అధికారిక నివేదికలో వాతావరణం పక్కన, చీకటి పక్కన ఒక మనిషి కోపానికి కూడా చోటు దొరికింది.

మా అల్లుడి యజమాని మర్యాదస్తుడు, ఆ మాట నేను నిజాయితీగా చెప్పాలి. ఒకసారి మే నెలలో సాయంత్రం హైదరాబాద్ మీద పెద్ద ఉరుముల మేఘం కమ్మింది. కింగ్ ఎయిర్‌లో పైలట్లకూ ప్రయాణికులకూ మధ్య అడ్డంగా ఉండేది ఒక తెర. యజమాని ఆ తెర పక్కకు జరిపి "ఏమైనా చేయగలమా కెప్టెన్? ఇంట్లో ఫంక్షన్ ఉంది" అన్నారట. గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. మావాడు "లేదు సార్" అని చెప్పి విమానాన్ని విజయవాడ మళ్లించాడు. ఆయన ఒక్క మాట అనలేదు. అయినా వారం రోజులు వీడికి టెన్షనే. ఫోన్ మోగితే చాలు, ఉద్యోగం గురించేమో అనిపించేదట. జీతం ఇచ్చే మనిషి వీపు వెనక నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంటే, మంచివాడైనా సరే, ఆ బరువు బరువే.

ఎయిర్‌లైన్ నడిపే ఎయిర్‌బస్ విమానంలో 180 మంది ఉంటారు. విమానం మళ్లితే వాళ్లకూ కోపం వస్తుంది. కానీ కాక్‌పిట్ తలుపు గట్టిది, లోపలి నుంచి తాళం పడి ఉంటుంది. ఆ 180 మందిలో ఎవరూ ఫోన్ చేసి కెప్టెన్ ఉద్యోగం తీసేయలేరు. కంపెనీ రూల్ బుక్ అతని పక్షాన ఉంటుంది.

అట్లాగని ఎయిర్‌లైన్ ఉద్యోగం సుఖమని నేను అనను. తెల్లవారుజామున మూడింటికి లేవడం ఉంటుంది, రాత్రంతా మెలకువ ఉంటుంది, పండుగ పూట ఎక్కడో హోటల్ గదిలో పడుకోవడం ఉంటుంది. ఏడాదికి 1000 గంటలకు మించి ఎగరకూడదని పరిమితి ఉంది. మా అల్లుడు ఇప్పుడు ఎగిరే గంటలకు అది కొన్ని రెట్లు. వారానికి ఒకసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటలు ఉండేది, దాన్ని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025లో 48 గంటలు చేసింది. అలసట అంత పెద్ద సమస్య కాబట్టే ఆ మార్పు అవసరమైంది. అయితే రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, ముందుగానే చేతికొస్తుంది. ఫలానా రోజు సెలవు అని అమ్మకు చెప్పొచ్చు. ఇప్పుడున్న ఉద్యోగంలో మేడారం జాతరకు వస్తానని చెప్పి రాలేకపోయాడు. మా అక్క బంగారం మోసుకుని ఒక్కతే బస్సెక్కింది.

ఇక అందరికీ కష్టంగా ఉండే సంగతికి వస్తాను. కెప్టెన్ భుజం మీద నాలుగు బంగారు గీతలుంటాయి. మా అల్లుడికి ఉన్నాయి. ఎయిర్‌లైన్‌లో చేరితే ఎయిర్‌బస్ మీద అనుభవం లేదు కాబట్టి ఫస్ట్ ఆఫీసర్‌గా కుడివైపు సీట్లో మొదలుపెట్టాలి. మూడు గీతలు. మా అక్కకు ఇది మింగుడు పడలేదు. "ఇన్నేండ్లు చేసినంక గీత పెరగాలె గని తగ్గుడేందిరా తమ్ముడూ?" అని నన్నే నిలదీసింది. పెద్ద విమానం, చిన్న హోదా. బంధువులకు ఎట్లా చెప్పుకోవాలన్నది ఆమె బాధ. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోలేదు. అల్లుడి లోపల కూడా అదే బాధ ఉంది, బయటికి అనడంతే.

నేను అక్కకు చెప్పింది ఇది. ఎయిర్‌లైన్‌లో సీనియారిటీ చేరిన తేదీని బట్టి ఉంటుంది. బయట ఎన్ని వేల గంటలు ఎగిరినా, మనవాడికన్నా ఒక నెల ముందు చేరిన ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు ఆ సీనియారిటీ లిస్టులో మనవాడికన్నా పైనే ఉంటాడు. మళ్లీ ఎడమ సీట్లోకి, అంటే కెప్టెన్ సీట్లోకి, ఎప్పుడు వస్తాడన్నది ఆ లిస్టుతో ముడిపడి ఉంటుంది. అడిగిన ఊళ్లో పోస్టింగ్ దొరకడం కూడా అంతే. ఎయిర్‌లైన్ పైలట్ 65 ఏళ్ల దాకా ఎగరొచ్చు. ముప్పై నాలుగేళ్లకు చేరితే ఇంకా ముప్పై ఏళ్ల పైన సర్వీసు. నలభై ఐదుకు చేరితే అవే మూడు గీతలు, చేతిలో ఇరవై ఏళ్లే. గీత తగ్గడం ఎప్పుడు చేరినా తప్పదు. కాబట్టి వెళ్లాలనుకుంటే ఇప్పుడే వెళ్లాలి.

నా అభిప్రాయం అడిగాడు కాబట్టి చెప్పాను. వెళ్లు అల్లుడా అన్నాను. చిన్న విమానంలో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. ఎవరూ చేయి పట్టి నడిపించకుండా కొత్త ఊళ్లో, చిన్న రన్‌వే మీద దిగినవాడు కుడి సీట్లో కూర్చున్నా పనికొస్తాడు. అయితే తిరిగి రావడం తేలిక కాదని కూడా చెప్పాను. 2017 నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం ఎయిర్‌లైన్ వదలాలంటే ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందే నోటీసు ఇవ్వాలి. ఎయిర్‌బస్ శిక్షణ ఖర్చు, బాండ్ కాగితాలు ఉంటే అవి వేరే.

మన జిల్లాల్లో ఇదే ఆలోచనలో ఉన్న పిల్లలు ఇంకా ఉంటారు. సెలక్షన్లో రాత పరీక్ష, సిమ్యులేటర్ టెస్ట్, ఇంటర్వ్యూ ఉంటాయని వాళ్లకు తెలుసు, వాటికి చదువుకుంటారు. నేను ఒక్క పనే చెబుతాను. మీ లాగ్‌బుక్, అంటే ఎగిరిన గంటలన్నీ రాసుకునే పుస్తకం.

రాజీనామా మాట నోట్లోంచి రాకముందే లాగ్‌బుక్ ముందేసుకుని కూర్చోండి. ప్రతి పేజీ కూడిక మళ్లీ కూడండి. కెప్టెన్‌గా ఎగిరిన గంటలు వేరే, కో-పైలట్‌గా ఎగిరినవి వేరే, రాత్రి గంటలు వేరే, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు, అంటే బయటికి చూడకుండా పరికరాలనే నమ్ముకుని ఎగిరినవి, వేరే. ఏ గంట ఏ కాలమ్‌లో రాశారో చూడండి. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావడానికి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకు మొత్తం 1500 గంటలు అడుగుతారు. ఆ మొత్తంతో పాటు రాత్రి గంటలు ఎన్ని, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు ఎన్ని అని విడివిడిగా కూడా చూస్తారు. లాగ్‌బుక్‌లో ఉన్న అంకె, డీజీసీఏ ఆన్‌లైన్ రికార్డులో ఉన్న అంకె, కంపెనీ దగ్గరున్న విమానం టెక్ లాగ్‌లోని, అంటే ఆ విమానం రికార్డు పుస్తకంలోని, అంకె, మూడూ ఒకటిగా ఉండాలి. తర్వాత కంపెనీలో సంతకం చేసే అధికారం ఉన్నవాళ్లతో పేజీ పేజీకీ సంతకం, ముద్ర వేయించుకోండి. చిన్న చార్టర్ కంపెనీలు విమానం అమ్మేస్తాయి, మూతపడతాయి, మనుషులు తలో దిక్కు వెళ్లిపోతారు. రెండేళ్ల తర్వాత ఆ సంతకం కోసం ఎవరి గుమ్మం ఎక్కుతారు?

మా అల్లుడు మొన్న ఆదివారం హనుమకొండ వచ్చి మా డైనింగ్ టేబుల్ మీద రెండు లాగ్‌బుక్కులు పరిచాడు. పాత దాంట్లో మూడు పేజీలకు సంతకాలు లేవు, అప్పటి చీఫ్ పైలట్ ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నారు. ఆయనకు మా టేబుల్ దగ్గర నుంచే ఫోన్ చేశాడు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ సంతకాలు అయ్యాకే అప్లికేషన్ పంపుతాడు.

సెలవు. నమస్కారం.